రివెట్లు మార్చి బ్యాలెన్స్ చేసిన మ్యాగ్నెట్: మట్టి ట్రాక్ ఆర్‌ఎక్స్ 100లో చాన్నాళ్లు వాడాక

మట్టి రేసులకు మార్చిన పాత యమహా ఆర్‌ఎక్స్ 100 బైకులో రిపేరు చేసిన మ్యాగ్నెట్టే (క్రాంక్ కొసన తిరుగుతూ కరెంటు పుట్టించే అయస్కాంతాల చక్రం) సీజన్ల తరబడి తిరుగుతోంది. ఒకసారి సరిగ్గా కుదిరిన బ్యాలెన్స్ ఇప్పటికీ చెదరలేదు. కన్నేసి ఉంచాల్సింది రివెట్లమీద, టేపర్‌మీద (క్రాంక్ కొసన మ్యాగ్నెట్ కూర్చునే, కొసకు సన్నబడే భాగం).

అంచున కొద్ది గ్రాములు ఎక్కువైతే ఏమవుతుందనే వాళ్లకు లెక్క ఇది. కేంద్రానికి 50 మి.మీ. దూరంలో 5 గ్రాములు అదనంగా ఉంటే, 8000 ఆర్‌పీఎం దగ్గర అది క్రాంక్ కొసను దాదాపు 18 కిలోల బలంతో లాగుతుంది. వేగం సగమైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి ఐడిలింగ్‌లో చెయ్యిపెట్టి చూసి బాగుందనుకోవడం దండగ. దెబ్బ ముందు ఎడమ బేరింగ్‌కు, తర్వాత ఆయిల్ సీల్‌కు తగులుతుంది. టూ స్ట్రోక్‌లో ఆ సీల్ గాలి పీల్చిందంటే మిక్స్చర్ లీన్ అయి (పెట్రోలు పాలు తగ్గి) పిస్టన్ సీజవుతుంది.

రిపేరులో వెల్డింగ్ జోలికి పోకపోవడమే మేలు. వేడికి హబ్ (టేపర్‌మీద కూర్చునే నడిమి ముక్క) వంకర పోతుంది, అయస్కాంతాలు బలం కోల్పోతాయి. కోడిగుడ్డు ఆకారంలోకి అరిగిన రివెట్ రంధ్రాలను హబ్, అయస్కాంతాలుండే డ్రమ్ కలిపి పట్టి ఒకేసారి రీమర్‌తో (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకు పెంచే పనిముట్టు) పెద్దవి చేయించి, ఆ సైజు రివెట్లను ప్రెస్ మీద నొక్కించాలి. సుత్తి దెబ్బలకు అయస్కాంతాలు బీటలిస్తాయి. తర్వాత డయల్ గేజ్ పెట్టి అంచు చూడండి. ఊగు 0.1 మి.మీ. దాటితే బ్యాలెన్సింగ్ మొదలుపెట్టొద్దు, ముందు రిపేరు సరిచేయించాలి. క్రాంక్ కొస ఊగు 0.03 మి.మీ. దాటినా అంతే.

స్టాటిక్ బ్యాలెన్సింగ్‌కు (ఇంజన్ నడపకుండా దొర్లించి బరువు చూడటం) క్రాంక్ టేపర్‌తో సరిపోయే మాండ్రెల్‌ను (మ్యాగ్నెట్‌ను ఎక్కించే ఇరుసును) లేత్ మీద తిప్పించి, స్పిరిట్ లెవెల్ పెట్టి సరిచేసిన రెండు ఇత్తడి పట్టీలపై దొర్లించాలి. ఇనుప పట్టీలు వాడితే ఫలితం తప్పొస్తుంది. మ్యాగ్నెట్ వాటికి అతుక్కోవాలని చూస్తుంది, ఆగిన చోటు బరువైన చోటు కాదు. వైస్, స్పానర్లు కూడా జానెడు దూరంలో ఉండాలి. అనుమానమొస్తే స్టాండును అటుదిటు తిప్పి మళ్లీ దొర్లించండి. నిజంగా బరువున్న చోటు ఎన్నిసార్లు వదిలినా అడుగుకే వస్తుంది. అక్కడ సుద్దతో గీత గీసి, ఎదురు అంచున బంకమన్ను అంటిస్తూ పోతే ఎలా వదిలినా కదలకుండా నిలిచే స్థితి వస్తుంది.

ఆ మన్ను 0.01 గ్రాము చూపే కాటాలో తూయాలి. 52 మి.మీ. దూరంలో 1.8 గ్రాములు పట్టిందనుకోండి, బరువును దూరంతో గుణిస్తే 94 గ్రాము-మిల్లీమీటర్లు. బరువైన వైపు 45 మి.మీ. దగ్గర తీయాల్సింది 2.1 గ్రాములు. 6 మి.మీ. డ్రిల్ ఒక మి.మీ. లోతుకు సుమారు 0.22 గ్రాము ఉక్కు తీస్తుంది. ఒకే రంధ్రంలో పది మి.మీ. దింపకుండా, గీత మీద ఒకటి, అటూఇటూ చెరొకటి, మూడు మి.మీ. చొప్పున వేసి మళ్లీ తూకం చూడాలి. రివెట్లకు, అయస్కాంతాల వెనకభాగానికి దూరంగా, మందం ఉన్నచోటే వేయాలి. ఎదురు అంచున ఎం-సీల్ అంటిస్తే ఏదో ఒకరోజు ఊడి కాయిల్‌లో పడుతుంది. లోపలికి పోయిన ఇనుప రజను గుడ్డకు రాదు, గోధుమపిండి ముద్ద అద్దితే వస్తుంది.

కిలో బరువున్న రోటర్‌కు (తిరిగే చక్రానికి) జి 6.3 అనే బ్యాలెన్స్ ప్రమాణం ప్రకారం 8000 ఆర్‌పీఎం దగ్గర మిగలనివ్వదగినది 7.5 గ్రాము-మిల్లీమీటర్లే. ఇంట్లో పట్టీల మీద అంత దాకా రావడం కష్టం, 15 లోపు వస్తే ఈ ఇంజన్‌కు చాలు. తిప్పుతూ కొలిచే డైనమిక్ మెషీన్ మీద చేయించినా సీటు దగ్గర తేడా తెలియలేదు, ఎందుకంటే ఇది వెడల్పు తక్కువున్న చక్రం. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. కొన్ని పాత ఇంజన్లలో కంపెనీయే మ్యాగ్నెట్‌లో కావాలని బరువు పెడుతుంది. వేరే మోడల్ అయితే చెడని మ్యాగ్నెట్‌ను ముందు దొర్లించి చూసుకోవాలి.

బిగించేటప్పుడు టేపర్‌కు బ్లూ (ఎక్కడ తగులుతుందో చూపే నీలిరంగు) రాసి చూడాలి. ముప్పావు వంతన్నా తగలకపోతే సన్న గ్రైండింగ్ పేస్టుతో రుద్దాలి. ఇంజన్ బలాన్ని మోసేది టేపరే, కీ (రెండింటి మధ్య గాడిలో కూర్చునే చిన్న ముక్క) కేవలం స్పార్క్ టైమింగ్ నిలబెడుతుంది. వాడకంలో రివెట్ వదులైతే టైమింగ్ లైట్ (స్పార్క్ పడిన ప్రతిసారీ వెలిగే దీపం) కింద టైమింగ్ గీత రెండుగా కనిపిస్తుంది. రివెట్ తల చుట్టూ ఎర్రటి పొడి కనబడినా అదే సూచన. అలా కనిపించిన మ్యాగ్నెట్‌తో ట్రాక్ మీదికి వెళ్లొద్దు. అప్పటికే ఒకసారి రీమ్ చేసిన రంధ్రాలైతే రెండోసారి పెద్దవి చేయించకుండా మ్యాగ్నెట్టే మార్చేయాలి.