12 వోల్టుల మంచినీటి పంపు, పుష్-ఫిట్ పైపులు: ఆరేళ్ల వాడకం తర్వాత

ఇంగ్లండులో సౌతాంప్టన్ దగ్గర హాంబుల్ నదిలో కట్టి ఉంచే మా తెరచాప పడవలో 12 వోల్టుల ప్రెషర్ పంపును, 15 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పైపులను, చేత్తో నొక్కి బిగించే పుష్-ఫిట్ జాయింట్లను అమర్చి ఆరేళ్లు దాటింది. ఇన్నాళ్లలో వచ్చిన పెద్ద లీకు ఒక్కటే అయినా, వీటి మంచిచెడ్డలు నాకు బాగా తెలిసింది దాన్ని వెదికినప్పుడే.

ఈ పంపులో నాకు అన్నిటికంటే నచ్చినది దాని చప్పుడు. కుళాయి తిప్పగానే ఒత్తిడి పడిపోయి తిరగడం, కట్టగానే ఒత్తిడి సుమారు 2.8 బార్‌కు చేరి ఆగడం దాని పద్ధతి. ఒక రాత్రి కుళాయిలన్నీ కట్టి ఉండగా అది పావుగంటకొకసారి క్షణంపాటు గుర్రుమని ఆగసాగింది. తెల్లవారి అడుగుపలకలెత్తితే బిల్జిలో, అంటే పడవ అట్టడుగు పల్లంలో, నాలుగు వేళ్ల లోతున నీళ్లు. నాలుకకు ఉప్పు తగలకపోవడంతో, వస్తున్నది సముద్రం కాదని ప్రాణం కుదుటపడింది.

పడవలో కారిన నీరు ఒరిగిన వైపుకల్లా జారి ఎక్కడో పల్లంలో చేరుతుంది కనుక తడి ఉన్న చోటును నమ్మకూడదు. పంపు స్విచ్చి ఆపి రాత్రంతా వదిలినా ట్యాంకులో నీటిమట్టం తగ్గలేదు. అంటే ట్యాంకు, పంపుకు ముందున్న పైపు మంచివే. వేడినీటి వైపు వాల్వు కట్టగానే పంపు గురక ఆగింది. ఇంజను నడుస్తుండగా దాని వేడికి వేడినీటి ట్యాంకులోని నీరు వ్యాకోచించి సేఫ్టీ వాల్వునుంచి కొంత కారడం మామూలే కాబట్టి మొదట దాన్నే అనుమానించాను గాని, దాని గొట్టం కింద పెట్టిన డబ్బా పొడిగానే ఉంది. చివరికి జాయింటు జాయింటుకూ టిష్యూ కాగితం చుట్టి గంటసేపు ఆగితే, షవర్ వెనక చెయ్యి దూరని మూలలో ఉన్న ఎల్బో (మలుపు జాయింటు) దగ్గర కాగితం తడిసింది.

విప్పి చూస్తే, లోపలి రబ్బరు రింగు పట్టే చోట పైపు మీద సన్నని గీత ఉంది. రెండు అంగుళాలు తీసేసి, పైపు కట్టరుతో తిన్నగా కోసి, అంచు నునుపు చేసి నొక్కితే ఐదు నిమిషాల్లో సరిపోయింది. ఇంత సులువుగా బాగయ్యే జాయింటును చెయ్యి అందని చోట దాచడం నేను చేసిన తప్పు.

నాలుగో ఏట మళ్లీ అదే గురక వినిపించింది. పంపును దాటిన వెంటనే ఉన్న వాల్వు కట్టినా ఆగకపోవడంతో, నీరు వెనక్కు పోకుండా ఆపాల్సిన, పంపులోని నాన్-రిటర్న్ వాల్వే దాన్ని ట్యాంకుకు వెనక్కు వదులుతున్నదని తేలింది, దాన్ని మార్చాను. ఈ సామాను మళ్లీ కొంటాను, అయితే ప్రతి శాఖకూ ఒక వాల్వు కూడా కలిపి కొంటాను.