పిల్లల భయం, తెగువ కొలవడానికి ఏది మేలు: ఈసీజీయా, అరచేతి చెమటా?

శ్రీకాకుళం తీరంలో గానీ విజయనగరం పల్లెల్లో గానీ, బడి గదిలో పిల్లలకు వీడియో చూపించి, బెలూన్ ఆట (నొక్కిన కొద్దీ బెలూన్ ఉబ్బుతుంది, ఎక్కువైతే పేలుతుంది) ఆడించి ఒంట్లో వచ్చే మార్పును కొలవాలనుకుంటున్నారా? ఒక్క పరికరానికే డబ్బుంటే ఈసీజీ, అంటే గుండె లయను గీతగా చూపే పరికరం, కొనండి. అరచేతి చెమట కొలిచేది దాని తర్వాతే.

చెమట కొలతకు గొప్ప బలమే ఉంది. అరచేతి చెమట గ్రంథుల్ని నడిపేవి సింపథెటిక్ నరాలు, అంటే ఒంటిని ఉద్రేకానికి సిద్ధం చేసే నరాలు, మాత్రమే. మనసు కదిలిన 1 నుంచి 3 సెకన్లలో చెమట కొలత గీత పైకి లేస్తుంది. ఏ నొక్కు దగ్గర పిల్లాడు ఉలిక్కిపడ్డాడో పట్టేది ఇదే. అది భయమో సంబరమో మాత్రం చెప్పదు.

చిక్కంతా ఉక్కపోతతోనే. ప్రయోగశాలల్లో గదిని 23 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఏప్రిల్‌లో కళింగపట్నం వైపు రేకుల గదిలో చెయ్యి ముందే తడిసి ఉంటుంది. మొదటి మట్టమే పైన ఉంటే చిన్న అల కనపడదు, చర్మానికి అంటించే ఎలక్ట్రోడ్ బిళ్ల కూడా జారుతుంది. అందుకే చెమట కొలవాలంటే డిసెంబరు, జనవరి ఉదయాలు ఎంచుకోండి. చేతులు మంచినీళ్లతో కడిగించి తుడవండి, స్పిరిట్ రాయొద్దు. పిల్లాడు రాతకు వాడని చేతి రెండు వేళ్లకు తక్కువ ఉప్పున్న పేస్టుతో ఎలక్ట్రోడ్లు అంటించి 5 నుంచి 10 నిమిషాలు ఆగండి. ఈసీజీ జెల్‌లో ఉప్పు ఎక్కువ; అది వాడితే అంకెలు అబద్ధంగా పెరుగుతాయి.

ఈసీజీకి ఎండాకాలం ఇంత అడ్డు కాదు. కుడి కాలర్ ఎముక కింద ఒకటి, ఎడమ పక్కటెముకల దిగువన ఒకటి, కుడి దిగువన మూడోది. కొబ్బరినూనె, పౌడరు తుడిచాకే అంటించాలి. మెడలో తాయెత్తు ఉంటే తీయించొద్దు, వెనక్కి జరిపితే చాలు. ఆడపిల్లలకు మహిళే అంటించాలి, తల్లో ఆయానో పక్కన ఉండాలి. పరికరం బ్యాటరీ మీద నడవాలి. ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉంటే 50 హెర్ట్జ్ కరెంటు గోల గీతలోకి దూరుతుంది. ముందు 5 నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి కొలవండి. తర్వాత ఒక్కో బీటునూ కంటితో సరిచూడాలి: ఒక్కటి తప్పిపోయినా గుండె లయ హెచ్చుతగ్గుల లెక్క బాగా చెడుతుంది. ఊపిరితో పాటు మారే ఈ లయకు కనీసం అర నిమిషం గీత కావాలి కాబట్టి ఒక్క నొక్కుకు ఏమైందో అది చెప్పలేదు. పిల్లాడు మాట్లాడితే ఊపిరి మారి లెక్క తప్పుతుంది. జవాబు వేలితో చూపించమనండి.

చేతికి పెట్టే బ్యాండు చవక. కానీ పెద్దల కొలతది చిన్న మణికట్టు మీద వదులై ఊగుతుంది, ప్రతి కదలికా గుండె చప్పుడులా నమోదవుతుంది. లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ 20 నుంచి 30 నిమిషాల తర్వాత గానీ గరిష్ఠానికి చేరదు. ఆట మధ్యలో పిల్లాడికి ఏమైందో దానికి తెలియదు. వెంట్రుకల్లో కార్టిసాల్ నెలల ఒత్తిడిని చెబుతుంది, సెంటీమీటరుకు ఇంచుమించు ఒక నెల. సింహాచలంలో తలనీలాలిచ్చి వచ్చిన పిల్లలకు మాత్రం కత్తిరించడానికి జుట్టే ఉండదు.

బెలూన్ ఆటలో పేలుడు శబ్దం ఆపేయండి. లేకపోతే మీరు కొలిచేది తెగువను కాదు, ఉలికిపాటును. చెమట కూడా కొలుస్తుంటే నొక్కుకూ నొక్కుకూ మధ్య 10 సెకన్లు ఉండాలి. ఈ ఎడానికి పిల్లలు విసుగుపడతారు, అందుకే బెలూన్ల సంఖ్య తగ్గించుకోండి.

అన్నిటికంటే తరచుగా మరిచేది జ్వరం, రక్తహీనత. రెండూ గుండె వేగం పెంచుతాయి, ఒక డిగ్రీ సెల్సియస్ జ్వరానికే నిమిషానికి 10 దాకా. ఉష్ణోగ్రత చూడండి, వీలైతే హిమోగ్లోబిన్ కూడా. ఏ పిల్లాణ్నీ వేరే దేశపు సగటుతో పోల్చొద్దు, తన విశ్రాంతి కొలతతోనే పోల్చాలి.

తల్లిదండ్రుల సంతకంతో పాటు, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్ల వారి నోటిమాట సమ్మతి, ఆపై వారి రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. మధ్యలో వద్దంటే అక్కడే ఆపి, ఎలక్ట్రోడ్‌ను నీళ్లతో తడిపి మెల్లగా ఊడదీయండి.