హెల్సింకీలో ఒక రాత్రి, అమ్మతో

స్టాక్‌హోంలో అన్నయ్య వాళ్ళింట్లో నెల రోజులుండి, జూలై మొదటి వారంలో అమ్మా నేనూ తిరుగు ప్రయాణమయ్యాం. ఢిల్లీ విమానం హెల్సింకీ నుంచి. ఎయిర్‌పోర్టులోనే విమానం మారిపోవచ్చు. కానీ ఓడలో వెళ్ళి, ఒక రాత్రి ఆ ఊళ్ళో ఉండి, మర్నాడు సాయంత్రం విమానం ఎక్కుదామనుకున్నాం. స్వీడన్, ఫిన్లాండ్ రెండూ ఒకే వీసా చెల్లే షెంగెన్ దేశాలే కాబట్టి వేరే వీసా అక్కర్లేదు. అమ్మకి 68 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులు, పూర్తి శాకాహారం. పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

సాయంత్రం స్టాక్‌హోంలో బయల్దేరిన ఓడ మర్నాడు ఉదయం పది గంటలకి హెల్సింకీ చేరింది. మొదటి కొన్ని గంటలూ చిన్న చిన్న దీవుల మధ్య నుంచే ప్రయాణం. అమ్మ డెక్ మీద నుంచి కదల్లేదు. కిటికీ లేని క్యాబిన్ చవకగా వస్తుంది, పడుకోవడానికి అది చాలు. మెలకువగా ఉన్నంతసేపూ ఎలాగూ డెక్ మీదే ఉంటాం.

దిగగానే పెద్ద రైల్వే స్టేషన్‌కి వెళ్ళి లాకర్లో పెట్టెలు పెట్టేశాం. 1919లో తెరిచిన ఆ స్టేషన్ ముఖద్వారానికి రెండు పక్కలా చేతుల్లో గుండ్రటి దీపాలు పట్టుకున్న రాతి మనుషులు నిలబడి ఉంటారు. మా బసలో గది ఇచ్చేది సాయంత్రం నాలుగింటికి. అందుకే లాకర్. ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. ముప్ఫై యూరోలు తక్కువని నేను రిసెప్షన్ లేని అపార్ట్‌మెంట్ బుక్ చేశాను. తలుపు తెరిచే కోడ్ ఫోన్‌కి వస్తుందన్నారు. నాలుగింటికి రాలేదు. ఫోన్ చేస్తే రికార్డు మాటలు. అమ్మ పెట్టె మీద కూర్చుని యాభై నిమిషాలు ఫుట్‌పాత్ మీద ఎదురుచూసింది. చివరికి కోడ్ వచ్చింది, లోపల గది శుభ్రంగానే ఉంది. కానీ పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు మనిషి కూర్చునే రిసెప్షన్ ఉన్న హోటలే, అదీ స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దగ్గర్లో, తీసుకోండి. ఆ ముప్ఫై యూరోలు అక్కడ పెట్టాల్సినవే.

ఇంకో సంగతి, ఆ రోజుల్లో రాత్రి పదిన్నరకి కూడా సూర్యుడు కనిపిస్తూనే ఉంటాడు. మందపాటి కర్టెన్లు ఉన్నాయో లేదో అడిగి బుక్ చేసుకోవాలి. జూన్ 20, 26 మధ్య శనివారం వచ్చే యుహన్నుస్ అనే నడివేసవి పండక్కి ఊరంతా పల్లెలకి వెళ్ళిపోతుంది, దుకాణాలు మూసేస్తారు. ఆ రెండు మూడు రోజులు తప్పించుకోవడం మేలు.

మధ్యాహ్నం తిండికి నాకున్న టెన్షన్ ఇట్టే తీరిపోయింది. హెల్సింకీలో నేపాలీ హోటళ్ళు ఎక్కడ చూసినా ఉన్నాయి. పనిరోజుల్లో మధ్యాహ్నం 'లౌనస్' అని భోజనం పెడతారు. దాదాపు 13 యూరోలకి అన్నం, పప్పు, కూర, సలాడ్, కాఫీ వచ్చాయి. అదే భోజనం సాయంత్రమైతే ఇంకా ఎక్కువ పడుతుంది. రాత్రికి సూపర్‌మార్కెట్లో కర్యాలన్‌పీరక్కా కొన్నాం. రై పిండితో పల్చటి రేకు, మధ్యలో పాలల్లో మెత్తగా ఉడికించిన అన్నం, అంచులు మన కజ్జికాయకి నొక్కినట్టు వేళ్ళతో మడతలు. దీని మీద గుడ్డు కలిపిన వెన్న రాసి తింటారు, మేము అది లేకుండా తీసుకున్నాం. వదిన కట్టిచ్చిన గోంగూర పచ్చడి కాస్త మిగిలి ఉంటే నంజుకున్నాం. అమ్మ మూడు తింది.

బాత్రూం కొళాయి నీళ్ళు తాగడానికి మాత్రం అమ్మ మొదట ఒప్పుకోలేదు. ఆ నీళ్ళు పైయాన్నె సరస్సు నుంచి రాతిని తొలిచిన 120 కిలోమీటర్ల సొరంగంలో వస్తాయని, ఆ సొరంగం 1982లో పూర్తయిందని చెప్పాను. ఒక గ్లాసు తాగి చూసి, ఆ తర్వాత సీసాలు అదే పనిగా నింపింది. నిజంగా మంచి నీళ్ళు. సీసా నీళ్ళు కొనకండి.

మొదటి రోజు మధ్యాహ్నం సువోమెన్‌లిన్నా కోటకి వెళ్ళాం. 1748లో స్వీడన్ వాళ్ళు దీవుల మీద కట్టడం మొదలుపెట్టిన కోట. ఫిన్లాండ్ అప్పుడు వాళ్ళ ఏలుబడిలో ఉండేది. 1991లో యునెస్కో జాబితాలో చేరింది. రేవు కౌప్పతోరి సంతలోనే ఉంది. అక్కడ ప్రైవేటు పడవల వాళ్ళు కూడా టికెట్లు అమ్ముతారు. ట్రామ్‌కి తీసుకున్న రోజు టికెట్ చెల్లేది ఊరి రవాణా సంస్థ ఫెర్రీలో మాత్రమే, అది చూసి ఎక్కండి. పావుగంట ప్రయాణం. చిన్నప్పుడు గోదావరి మీద పంటు ఎక్కినట్టే ఉందని అమ్మ రెయిలింగ్ పట్టుకుని నిలబడింది. దీవిలో దారులు చాలాచోట్ల గుండ్రాళ్ళు పరిచినవి, మోకాళ్ళకి కష్టం. మేము చర్చి దాకా వెళ్ళి పచ్చికలో కూర్చున్నాం. ఆ చర్చి గోపురమే లైట్‌హౌస్ కూడా. కోట చివరి దాకా వెళ్ళలేకపోయినా ఆ గంటన్నర నాకు చాలా ఇష్టం.

మర్నాడు పొద్దున రాయిని తొలిచి 1969లో కట్టిన టెంప్పెలియౌకియో చర్చి చూశాం. రాగి కప్పు చుట్టూ సందుల్లోంచి వెలుగు పడుతుంది, బాగుంది. కానీ టికెట్ ఉంది, టూర్ బస్సుల జనం ఉన్నారు. టైం తక్కువుంటే దీన్ని వదిలేసి 'ఓడి' లైబ్రరీకి వెళ్ళండి. 2018 డిసెంబరులో తెరిచారు, పార్లమెంటుకి ఎదురుగా ఉంటుంది, ఎవరైనా ఉచితంగా వెళ్ళొచ్చు. పై అంతస్తులో పుస్తకాలు, మధ్య అంతస్తులో కుట్టుమిషన్లు!

అమ్మ ముప్ఫై ఏళ్ళు ఇంట్లో జాకెట్లు కుట్టింది. అక్కడ ఒక కుర్రాడు ప్యాంటు అంచు కుడుతుంటే వెనక నిలబడి చూస్తోంది. గుడ్డ అడుగున దారం చిక్కుపడి గుబురు కడుతోంది, అతను అడుగుదారం చుట్టిన బాబిన్ తీసి పెడుతున్నాడు, మళ్ళీ అదే. అమ్మ ఉండబట్టలేక ముందుకెళ్ళి, గుడ్డని నొక్కిపట్టే మిషన్ పాదం పైకెత్తి, పైదారం మొత్తం లాగేసి మొదటి నుంచీ ఎక్కించింది. పాదం దించి ఉండగా దారం ఎక్కిస్తే పట్టు దొరకదు, అడుగున చిక్కు పడుతుంది. ఒకరి భాష ఒకరికి రాదు. వేలితో చూపించింది, అతను తలూపాడు. కుట్టు తిన్నగా వచ్చాక అమ్మ ఆ గుడ్డ తిరగేసి అడుగువైపు కూడా చూసి గానీ వదల్లేదు. సెనేట్ స్క్వేర్, తెల్లటి పెద్ద చర్చి ట్రామ్‌లోంచే చూశాం, ఆ మెట్లు అమ్మ ఎక్కలేదు.

ఎయిర్‌పోర్టుకి స్టేషన్ నుంచి ఐ, పీ అనే రెండు రైళ్ళూ వెళ్తాయి, అరగంట. ఎయిర్‌పోర్టు సి జోన్‌లో ఉంది కాబట్టి ఏబీసీ టికెట్ తీసుకోవాలి. అక్కడ స్టేషన్ భూమిలో చాలా లోతున ఉంటుంది, పెట్టెలుంటే లిఫ్ట్ వెతుక్కోండి. ఢిల్లీ విమానానికి ముందు పాస్‌పోర్ట్ తనిఖీ కూడా ఉంటుంది, మూడు గంటల ముందు చేరడం మంచిది.

రైలెక్కే ముందు మళ్ళీ సంతకి వెళ్ళాం. బఠాణీ కాయలు పచ్చివే తింటారు అక్కడ, తూకం వెయ్యరు, లీటరు డబ్బాతో కొలిచి పోస్తారు. "మన సోల, తవ్వ లాగే కొలుస్తున్నారే!" అని అమ్మ ముఖం వెలిగిపోయింది. అమ్మే ఆవిడ డబ్బా నిండాక పైన ఇంకో గుప్పెడు వేసింది, కొసరు. రెండు లీటర్లు తీసుకున్నాం. రైల్లోనూ గేటు దగ్గరా ఒలుచుకుంటూ కూర్చున్నాం. విమానం పిలిచేసరికి సంచిలో తొక్కలే మిగిలాయి.