పర్లాకిమిడి కళాకేంద్రం: వెళ్తే ఉదయమే వెళ్ళాలి

ఒడిశాలోని పర్లాకిమిడిలో పుట్టి పెరిగి, ఊళ్ళో కొందరు కలిసి నడుపుతున్న కళాకేంద్రం గడప ఇన్నాళ్ళూ తొక్కకపోవడం నా తప్పే. పాతపట్నం నుంచి మా మేనత్త వచ్చినప్పుడు ఆవిడకు చూపించే వంకతో వరుసగా రెండు ఆదివారాలు వెళ్ళాను. మొదటిసారి సాయంత్రం, రెండోసారి ఉదయం. ఈ రెండు పూటలకూ మధ్య తేడా ఎంత ఉందంటే, మొదటిసారి చూసి ఊరుకుని ఉంటే ఈ సమీక్ష రెండు ముక్కల్లో, అదీ విసుగుతో, ముగిసి ఉండేది.

సాయంత్రం వెళ్ళినప్పుడు ఇరవై రూపాయల టికెట్టు చింపి ఇచ్చినవారు తప్ప లోపల పలకరించేవారు లేరు. పెద్ద హాలులో మూడు గోడల నిండా సవర గిరిజనుల చిత్రాలు ఉన్నాయి కానీ, అద్దాల మీద ట్యూబులైట్లు మెరవడం వల్ల బొమ్మ కంటే మన ముఖమే ఎక్కువగా కనిపిస్తుంది. బొమ్మల కింద అతికించిన వివరాలు ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి. మా అత్తకు ఆ రెండూ చదవడం రాదు. ఒక్కొక్క దాని ముందూ నిలబడి నేను అనువాదం చెబుతూ పోయాను. నాలుగో బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ బెంచీ వెతుక్కుంటూ వెళ్ళిపోయారు.

ఉదయం వెళితే కథే వేరు. ఆదివారాలు ఉదయం వెనక వరండాలో చిత్రకారులే వచ్చి కూర్చుంటారు. ఆ రోజు గునుపూర్ వైపు కొండ ఊరి నుంచి వచ్చిన ఒక సవర మహిళ, జేగురు పూసి ఆరబెట్టిన పలక మీద బొమ్మ వేస్తున్నారు. నానబెట్టి మెత్తగా రుబ్బిన బియ్యప్పిండి ఒక డొప్పలో ఉంది. కుంచె అంటే సన్నటి వెదురు పుల్ల. దాని కొసను పంటితో నమిలి పీచులా చేసుకుని, పిండిలో ముంచి, డొప్ప అంచుకు ఒకసారి తుడిచి, ఊపిరి బిగబట్టి ఒక్క గీత గీస్తారు. ముందు ఇంటి ఆకారంలో చుట్టూ అంచు కట్టారు, ఆ తరువాతే లోపలికి మనుషులు, ఏనుగులు, గుర్రం మీద సవారీ చేసేవాడు, సూర్యచంద్రులు ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఇడితాల్ అని పిలిచే ఈ బొమ్మను సవర ఇళ్ళలో అలంకారం కోసం వేయరు. ఇంట్లో జబ్బు చేసినప్పుడో, పెద్దల ఆత్మకు చోటు కల్పించాల్సినప్పుడో లోపలి గోడ మీద వేసి, దాని ముందు పూజ చేస్తారు. ఆ సంగతి హాలులో ఇంగ్లీషులో రాసే ఉంది కానీ, ఇక్కడ ఆవిడ చేతి వేగం చూస్తూ వింటే తప్ప నాకు ఎక్కలేదు.

మా అత్త ఏటా సంక్రాంతికి వాకిట్లో పిండితో ముగ్గు పెట్టే మనిషి కాబట్టి ఆవిడ కన్ను నేరుగా పిండి మీదే పడింది. “ఏమమ్మా, పాతబడితే చెరిపేస్తారా?” అని అడిగారు. “చెరపం అమ్మా, పైన మళ్ళీ రాస్తాం” అని ఆమె తెలుగులోనే బదులిచ్చారు. మొదటి ఆదివారం బెంచీ వెతుక్కున్న మా అత్త ఆ రోజు గంటన్నర నేల మీదే కూర్చున్నారు.

కొమ్ము పనికి పర్లాకిమిడి పెట్టింది పేరు. పక్క గదిలో ఒక అద్దాల బీరువా నిండా ఆ కొమ్ము బొమ్మలే ఉన్నాయి. కొమ్మును వేడి చేసి, మెత్తబడగానే వంచి, గీకి, నునుపు తేల్చి చేసిన కొంగలు, దువ్వెనలు, రొయ్యలు అవి. రొయ్య మీసాలు గాలికి కదిలేంత సన్నగా ఉన్నాయి. గంజపా గుండ్రటి పేక ముక్కలు కూడా పెట్టారు కానీ, బాగా పైన పెట్టడం వల్ల సరిగా కనిపించవు.

అమ్మకం గది విషయంలో మాత్రం నిర్వాహకులు కాస్త ఆలోచించాలి. “సవర చిత్రాల సంచులు” అన్న బోర్డు కింద వేలాడదీసిన అచ్చు సంచుల మీద ఉన్నవి మహారాష్ట్రలోని వర్లీ బొమ్మలు. రెండు త్రిభుజాలు మొనలతో కలిస్తే వర్లీ మనిషి నడుము అవుతుంది. సవర మనిషి ఒళ్ళు అంత కోసుగా ఉండదు. సవరల్లో ఒక శాఖ అయిన లాంజియా సవరల చిత్రాలకు 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు (జి.ఐ. ట్యాగ్) వచ్చిన తరువాత కూడా, ఆ చిత్రాలు వేసే మనిషి వరండాలో కూర్చుని ఉండగా, పది అడుగుల దూరంలో ఆ పేరుతో వేరే బొమ్మ అమ్మడం బాగాలేదు. నేను వరండాలోనే ఒక చిన్న చిత్రం కొన్నాను. డబ్బు నేరుగా ఆమె చేతికే వెళ్ళింది. అయితే చుట్టి ఇవ్వడానికి వార్తాపత్రిక తప్ప మరేమీ లేకపోవడంతో ఆటోలో ఒక మూల నలిగింది.

భాష సంగతి చెప్పకుండా ఉండలేను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఈ ఊరు అందులో చేరింది కాబట్టి ఒడియా ముందుండటం న్యాయమే, దాని మీద నాకు పేచీ లేదు. అయితే గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయులుగా పనిచేస్తూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం తెలుగు లిపిలో వాచకాలు రాసింది ఈ ఊళ్ళోనే. ఆయన సవర వ్యాకరణం 1931లోనూ, సవర నిఘంటువు 1938లోనూ అచ్చయ్యాయి. అలాంటి చోట సవర బొమ్మ కింద సవర పేరూ లేదు, తెలుగులో ఒక్క వాక్యమూ లేదు.

వెళ్ళేవారు తెలుసుకోవలసినవి మరి రెండున్నాయి. మరుగుదొడ్డి తాళం టికెట్టు బల్ల దగ్గర అడిగి తీసుకోవాలి. పెద్దవాళ్ళను తీసుకువెళితే ముందు మెట్లకు పట్టుకోవడానికి ఏమీ లేదు కాబట్టి పక్క ద్వారం తీయమనాలి.

బయటికి వచ్చేటప్పుడు సందర్శకుల పుస్తకంలో మా అత్త తెలుగులో నాలుగు వరుసలు రాశారు. బొమ్మల కింద తెలుగు కూడా పెట్టమని. అంతకు ముందు పుటల్లో అదే మాట మరో ఇద్దరు తెలుగులోనే రాసి ఉన్నారు. బల్ల దగ్గర కూర్చున్న అబ్బాయి పుస్తకం తన వైపు తిప్పుకుని కాసేపు చూసి, “ఏం రాశారు పిన్నిగారూ? మాట్లాడటం వచ్చు గానీ, తెలుగు చదవడం రాదండి నాకు” అన్నాడు. ఆవిడ తను రాసిందీ, ఆ ఇద్దరూ రాసిందీ కలిపి అతనికి చదివి వినిపించారు.