రొమ్ము క్యాన్సర్: ఒక్కరి తోడా, బృందమా?
సర్జరీ అయిన తొలి వారాల్లో అదే దారి నడిచొచ్చిన ఒక్కరి తోడే మేలు. గాయం దగ్గర చేరే ద్రవాన్ని బయటికి తీసే డ్రెయిన్ గొట్టం, చెయ్యి ఎత్తే వ్యాయామాలు, లోదుస్తుల్లో పెట్టుకునే ప్రొస్థెసిస్ (కృత్రిమ రొమ్ము) గురించి పదిమందిలో అడగలేరు. 1950లలో అమెరికాలో తానూ రొమ్ము సర్జరీ చేయించుకున్న టెరీస్ లాసర్ మొదలుపెట్టిన 'రీచ్ టు రికవరీ' పద్ధతి ఇదే. జోడీ కుదిర్చేటప్పుడు వయసు, దశ, చికిత్స దగ్గరగా ఉన్నాయో లేదో చూడాలి. హెర్‌టూ (కొన్ని రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువగా ఉండే ప్రోటీన్) మందు వాడినావిడ అనుభవం ట్రిపుల్ నెగెటివ్ (హార్మోన్ మాత్రలు, హెర్‌టూ మందులు పనిచేయని రకం) ఆవిడకు సరిపోదు.

క్యాన్సర్ తిరగబెట్టకుండా హార్మోన్ మాత్రలు వాడే ఏళ్లలో తోటి రోగుల బృందం అక్కరకొస్తుంది. పదిమంది దాటితే మాత్రం మొహమాటస్తులు నోరు విప్పరు. ఒకరికి వ్యాధి తిరగబెడితే అందరూ బెదిరిపోతారు, కౌన్సెలర్ ఉండాల్సిందే. వ్యాధి ఇతర అవయవాలకు పాకిన నాలుగో దశవారికి వేరే బృందం పెట్టాలి. 2001లో వెలువడిన కెనడా అధ్యయనంలో అలాంటి బృందాలు ఆయుష్షు పెంచలేదు కానీ, ఎక్కువ వేదనలో ఉన్నవారికి మనోవ్యథ, నొప్పి తగ్గించాయి. మా దృష్టిలో అది చిన్న మేలు కాదు.

కీమో రోజుల్లో జ్వరం 100.4 ఫారెన్‌హీట్‌కు చేరితే ఎవరినీ అడుగుతూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి.