డిజిటల్ కళాచరిత్ర సదస్సులకు విద్యార్థి బర్సరీలు: డబ్బు ఏ రోజు చేతికొస్తుంది?

బర్సరీ (సదస్సుకు వెళ్లే విద్యార్థికిచ్చే ఆర్థిక సాయం) ప్రకటన కనబడగానే కళ్లు ముందు అంకె మీదికే పోతాయి. ఆ బర్సరీ మంచిదో కాదో తేల్చే వాక్యం మాత్రం అట్టడుగున, చిన్న అక్షరాల్లో ఉంటుంది: "సదస్సు ముగిశాక, రశీదులు పంపినవారికి చెల్లింపు." అంటే టికెట్టు, వీసా, గది, రిజిస్ట్రేషన్ అన్నీ ముందు విద్యార్థే పెట్టుకోవాలి. అప్పు పుట్టేవాళ్లకే అది అక్కరకొస్తుంది. అందుకే ఈ సమీక్షలో మొత్తం కన్నా, దేనికిస్తారు, ఎప్పుడిస్తారు అన్న రెండింటినే గీటురాయిగా పెట్టుకున్నాం.

ఈ రంగంలో పాతది చార్ట్ నమూనా. 'కంప్యూటర్స్ అండ్ ద హిస్టరీ ఆఫ్ ఆర్ట్' అనే ఈ బ్రిటన్ బృందం 1985లో మొదలైంది. హార్వర్డ్ ఫైన్ ఆర్ట్స్ లైబ్రరీలో చిత్రసేకరణల బాధ్యత చూసి, 'విజువల్ రిసోర్సెస్' పత్రికకు సంపాదకత్వం వహించిన హెలెన్ రాబర్ట్స్ పేరు మీద విద్యార్థులకు బర్సరీ పెట్టింది. అప్పటి షరతుల్లో మెలికలు లేవు: సాయం సదస్సు ఫీజు వరకే, అదీ కొద్దిమందికే, పేపర్ ఆమోదం పొందినవాళ్లకు ప్రాధాన్యం, దరఖాస్తుతో పాటు చదువుతున్నట్టు విశ్వవిద్యాలయం రుజువు. చిన్న సాయమే అయినా మా దృష్టిలో ఇది శుభ్రమైన పద్ధతి. ఫీజు మినహాయింపులో డబ్బు ఎటూ కదలదు కాబట్టి రశీదుల గొడవ లేదు, బ్యాంకు కోతలు లేవు, నెలల తరబడి ఎదురుచూపు లేదు. లోటల్లా దూరం నుంచి వచ్చేవాళ్లకే. రైల్లో వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్లే విద్యార్థికి ఫీజే పెద్ద ఖర్చు, సముద్రం దాటి రావాల్సిన విద్యార్థికి మాత్రం అన్నిటికన్నా చిన్న ఖర్చు.

ఏటా జులైలో బ్రిటిష్ కంప్యూటర్ సొసైటీ ఆధ్వర్యంలో జరిగే ఈవీఏ లండన్ (ఎలక్ట్రానిక్ దృశ్యీకరణ, కళల సదస్సు) వేరే చోట నుంచి నిధులు దొరకనివాళ్లకు పరిమితంగా బర్సరీలిస్తుంది. ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు. "నాకు ఆర్థిక ఇబ్బంది ఉంది" అని రాసి వదిలేస్తే చాలదు. మీ విభాగాన్ని ఎప్పుడు అడిగారు, ఏం చెప్పారు, మీ చేతిలో ఎంత ఉంది, ఇంకా ఎంత తక్కువపడుతోంది అన్నవి నాలుగు వాక్యాల్లో ఉండాలి. విభాగం లేదన్న జవాబు మెయిల్‌లో ఉంటే దాన్నీ జతచేయండి. ఆ ఒక్క కాగితం రెండు పేజీల విన్నపం కన్నా బలంగా మాట్లాడుతుంది.

అమెరికాలో 1911లో ఏర్పడిన కాలేజ్ ఆర్ట్ అసోసియేషన్, అంటే సీఏఏ, ఫిబ్రవరిలో జరిపే వార్షిక సదస్సుకు పరిశోధక విద్యార్థులకు ప్రయాణ గ్రాంట్లిస్తూ వచ్చింది. అవి ఖర్చులో కొంత భాగానికే. గెట్టీ ఫౌండేషన్ తోడ్పాటుతో 2012 నుంచి నడిచిన సీఏఏ-గెట్టీ అంతర్జాతీయ కార్యక్రమం ప్రయాణం, బస కూడా చూసుకునేది. అది చూసి ఆశపడే విద్యార్థులు చాలామంది. కానీ అది అధ్యాపకులకూ క్యురేటర్లకూ ఉద్దేశించినది. దరఖాస్తు నింపడానికి ముందు 'అర్హత' పేరా రెండుసార్లు చదవండి, వారం రోజుల శ్రమ మిగులుతుంది.

1974 నుంచి జరుగుతున్న కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సు సిగ్రాఫ్‌లో దారి వేరు. అక్కడ స్టూడెంట్ వాలంటీరుగా ఎంపికైతే, నిర్ణీత గంటలు పనిచేసినందుకు బదులుగా సదస్సు ప్రవేశం దొరుకుతుంది. పేపర్ లేనివాళ్లకు ఇదే మంచి దారి. అయితే తలుపు దగ్గర బ్యాడ్జీలు చూసే షిఫ్టూ, మీరు వినాలనుకున్న ప్రసంగమూ ఒకే గంటలో పడొచ్చు. కార్యక్రమ పట్టిక రాగానే వదులుకోలేని సెషన్లు రెండో మూడో గుర్తుపెట్టుకుని, షిఫ్టులు ఖరారు కాకముందే చెప్పాలి.

ఇక దరఖాస్తు సంగతి. నిధులు ఏ సంస్థవైనా, ఈ రంగంలో పరిశీలకులు వెతికేది ఒకటుంది. డిజిటల్ పద్ధతుల మీద రాసే అమెరికన్ పరిశోధకురాలు జొహానా డ్రకర్ 2013లో రాసిన వ్యాసంలో డిజిటైజ్ చేసిన కళాచరిత్రకూ డిజిటల్ కళాచరిత్రకూ గీత గీశారు: బొమ్మల్ని స్కాన్ చేసి తెర మీద పెట్టడం మొదటిది, గణన పద్ధతులతో విశ్లేషించడం రెండోది. మీ పని ఆ గీతకు ఎటువైపుందో మొదటి పేరాలోనే తెలియాలి. "సాంకేతికత సాయంతో కళను కొత్త కోణంలో చూస్తాను" అన్న వాక్యం ఎవరైనా రాయగలరు. దాని బదులు ఇలా ఉండాలి: "మూడు మ్యూజియంల నుంచి ట్రిపుల్ ఐ ఎఫ్ (మ్యూజియంలు చిత్రాలను ఆన్‌లైన్‌లో ఒకే తీరులో అందించే ప్రమాణం) ద్వారా తీసుకున్న 1,200 ముద్రణ చిత్రాలకు ఐకాన్‌క్లాస్ (చిత్రాల ఇతివృత్తాల వర్గీకరణ) సంకేతాలిచ్చాను, ఒకే ఇతివృత్తం ఏ దశాబ్దంలో ఎక్కడికి పాకిందో పటం మీద చూపిస్తాను, 140 చిత్రాలకు తేదీ లేకపోవడం వల్ల వచ్చే పొరపాటును ఎలా సరిచేశానో చెబుతాను." ఆ చివరి ముక్క వదిలేయకండి. లోపం తెలిసినవాళ్లకే పద్ధతి తెలుసని పరిశీలకులకు అర్థమవుతుంది.

సిఫార్సు లేఖ రాసే గైడ్‌కు మీ అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం), బడ్జెట్, బర్సరీ నియమాలు మూడూ కనీసం 3 వారాల ముందు ఇవ్వండి. "ఈ విద్యార్థి తెలివైనది" అనే లేఖ ఎందుకూ కొరగాదు. ఈ సదస్సులో ఎవరి పని వింటే థీసిస్‌లో ఏ అధ్యాయం ముందుకెళుతుందో లేఖలో కనబడాలి.

ఎక్కువ దరఖాస్తులు దెబ్బతినేది తేదీల దగ్గర. పేపర్ ఆమోదం ఒక రోజు, తక్కువ ఫీజుతో రిజిస్ట్రేషన్ గడువు ఇంకో రోజు, బర్సరీ ఫలితం మరో రోజు వస్తాయి. తక్కువ ఫీజు గడువు దాటాక బర్సరీ ఫలితం వస్తే నష్టం మీదే. నిర్వాహకులకు ముందే మెయిల్ రాసి, "ఫలితం వచ్చేదాకా ఆ తక్కువ ఫీజే వర్తింపజేస్తారా?" అని అడగండి. అడిగితే ఒప్పుకునేవాళ్లు ఉంటారు, అడగనివాళ్లకు మాత్రం ఎవరూ చెప్పరు. వీసా కూడా లెక్కలో ఉండాలి. బ్రిటన్ సందర్శక వీసాకు ప్రయాణానికి 3 నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు, నిర్ణయానికి మామూలుగా 3 వారాలు. ఆహ్వాన లేఖలో మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, ఏ ఖర్చు ఎవరు పెడుతున్నారో విడివిడిగా రాసి ఉండాలి. "బర్సరీ మంజూరైంది" అని మాత్రమే ఉంటే వీసా అధికారికి మిగతా డబ్బు ఎక్కడిదన్న అనుమానం వస్తుంది.

బడ్జెట్‌లో గుండ్రటి అంకెలు వేయకండి. ఆ రోజు టికెట్ ధర స్క్రీన్‌షాట్ తేదీతో సహా దాచండి. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి రైలు, వీసా ఫీజు, ప్రయాణ బీమా, ప్లగ్ అడాప్టర్, బ్యాంకు చార్జీలు ఇవన్నీ వేరు వేరు వరుసలు కావాలి. తిరిగొచ్చాక క్లెయిమ్ ఆగిపోయేది చాలాసార్లు బోర్డింగ్ పాస్ లేకే. టికెట్టు కొన్నారనడానికి రశీదు చాలు, ఎక్కారనడానికి చాలదు. యాప్‌లోని పాస్ ప్రయాణం అయ్యాక మాయమవుతుంది కాబట్టి ఎక్కే ముందే స్క్రీన్‌షాట్ తీయండి. హోటల్ బుకింగ్ మెయిల్ రశీదు కాదు; గది ఖాళీ చేసేటప్పుడు డబ్బు చెల్లించినట్టున్న బిల్లు అడిగి తీసుకోండి. గది ఇద్దరు పంచుకుంటే బిల్లు ఇద్దరి పేర్లతో విడగొట్టమనాలి.

డబ్బు వైర్ బదిలీలో వస్తే చార్జీలు ఎవరు భరిస్తారో కనుక్కోండి. 'షా' పద్ధతిలో ఖర్చు ఇద్దరికీ పడుతుంది, 'అవర్' పద్ధతిలో పంపేవాళ్లే భరిస్తారు. చిన్న గ్రాంటులో మధ్యవర్తి బ్యాంకుల కోత బాగా తెలుస్తుంది. 'అవర్' పద్ధతిలో పంపమని రాతపూర్వకంగా అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఇంకా మంచి దారి ఒకటుంది: టికెట్టు, గది నిర్వాహకులే నేరుగా బుక్ చేయగలరా అని అడగడం. అలా చేసే బర్సరీ చిన్నదైనా, తర్వాత తిరిగిచ్చే పెద్ద మొత్తం కన్నా మేలని మా గట్టి అభిప్రాయం.

కళాకృతిని ప్రదర్శించే విద్యార్థులు ఇంకో మాట గమనించాలి. బర్సరీలు సాధారణంగా మనిషి ప్రయాణానికే, పరికరాల రవాణాకు కాదు. ప్రొజెక్టర్, సెన్సర్లు దేశం దాటించాలంటే కస్టమ్స్ దగ్గర సుంకం పడకుండా ఏటీఏ కార్నే అనే పత్రం ఉంది, కానీ దానికి ఫీజు, పూచీ రెండూ కావాలి. అక్కడే అద్దెకు తీసుకోవడం చాలాసార్లు చవక. పేపర్ సంపుటిలో అచ్చయ్యేటప్పుడు బొమ్మల అనుమతి రుసుము కూడా బర్సరీలోకి రాదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 ఫిబ్రవరిలో తన దగ్గరున్న, కాపీరైట్ లేని కృతుల చిత్రాలను సీసీ జీరో (అనుమతి, రుసుము లేకుండా ఎవరైనా వాడుకోవచ్చనే ప్రకటన) కింద అందరికీ విడిచిపెట్టింది. మీ వాదనకు నప్పే బొమ్మ అక్కడుంటే, అబ్‌స్ట్రాక్ట్ రాసేటప్పుడే దాన్ని ఎంచుకోండి.