కొండ కొమ్మున ఊరు: ఎజ్ మేలా, రోక్‌బ్రూన్ మేలా?

ఫ్రాన్స్‌లోని నీస్ నుంచి ఇటలీ సరిహద్దు దాకా సముద్రాన్ని ఒరుసుకుంటూ సాగే రైలుమార్గానికి ఎగువన, ఎజ్, రోక్‌బ్రూన్ అనే మధ్యయుగపు ఊళ్లు రెండు కొండల మీద నిలిచి ఉన్నాయి. ఒక్క పూట మాత్రమే వీలున్నవారు దేనికి వెళ్లాలి?

కంటికి ఇంపైన దృశ్యమే కావాలంటే ఎజ్‌కు సాటి లేదు. 1706లో 14వ లూయీ ఆజ్ఞతో కూల్చిన కోట శిథిలాల మధ్య, 1949లో నెలకొల్పిన ఎడారి మొక్కల తోటలో నిలబడితే, దాదాపు 430 మీటర్ల దిగువన సముద్రం కాళ్ల కిందే ఉన్నట్టు కనిపిస్తుంది. తీరంలోని స్టేషన్ నుంచి తత్వవేత్త నీషే పేరిట ఉన్న కాలిబాటలో ఎక్కడానికి గంటకు పైగానే పడుతుంది. అది రాళ్ల దారి, నిట్టనిలువు. మోకాళ్ల నొప్పులున్నవారికి నీస్ నుంచి ఊరి మొదలు దాకా బస్సు ఉంది కానీ, ఆ పైన మెట్లు ఎక్కక తప్పదు. పాత ఇళ్లలో చాలామటుకు దుకాణాలుగా, హోటళ్లుగా మారిపోవడం మాత్రం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

రోక్‌బ్రూన్ కోట పదో శతాబ్దం నాటిది. 1355 నుంచి 1848 దాకా మొనాకో గ్రిమాల్డీల ఏలుబడిలో ఉన్న ఈ ఊరు, వారిని కాదని విడిపోయి, 1861లో ఫ్రాన్స్‌లో కలిసింది. 1467లో మహమ్మారి వచ్చినప్పుడు ఊరివారు మొక్కుకున్న మొక్కును నేటికీ ఏటా ఆగస్టు 5న ఊరేగింపుతో తీర్చుకుంటున్నారు. ఐదు వందల ఏళ్లు దాటినా తప్పని ఆ మొక్కు, నా దృష్టిలో, ఏ దృశ్యం కన్నా విలువైనది.

భారతీయులకు ఇక్కడ మరో కారణం కూడా ఉంది. చండీగఢ్ నిర్మాత లె కార్బూజియే 1965లో ఈ కొండ దిగువ సముద్రంలో ఈదుతూ మరణించాడు; తాను స్వయంగా రూపొందించుకున్న సమాధిలో, ఈ ఊరి శ్మశానంలోనే, భార్య పక్కన ఉన్నాడు. తీరాన ఆయన కట్టుకున్న చిన్న చెక్క గది, చండీగఢ్ కాపిటల్ కాంప్లెక్స్ రెండూ 2016లో ఒకే జాబితాగా ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందాయి.

అందువల్ల నేను రోక్‌బ్రూన్ వైపే మొగ్గుతాను. ఎజ్‌నే చూడాలనుకునేవారు వేసవిలోనైతే ఎండ ముదరక ముందే, పొద్దున్నే బస్సులో పైకి వెళ్లి, నీషే బాటలో నడుస్తూ దిగి స్టేషన్ చేరుకోవడం మంచిది.